రాణి నోట ఎవరి మాట

ఆ రోజుల్లో నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగి, మెళ్ళో గుర్తింపు కార్డు సర్దుకుంటూ అద్దాల మేడల్లోకి నడిచే ప్రతి కుర్రాడి లోపలా ఇంకో మనిషి దాక్కుని ఉండేవాడు. ఒకడిలో సంగీత దర్శకుడు, ఒకడిలో క్రికెటరు, నాలో రచయిత. (ఏం రాశావని అడిగేంత క్రూరులు మా ఆఫీసులో లేరు.) ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతికేవాడికి తన రాతలో కూడా తప్పులుంటాయన్న అనుమానం రాదు. అదొక సుఖం.

చేరి నాలుగు నెలలు కాకముందే ఆఫీసు వార్షికోత్సవానికి తెలుగు నాటకం వేస్తే బాగుంటుందని మా మేనేజరు అన్నారు. నేను చెయ్యెత్తాను. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో రాసి, నేటికీ లోకమంతా ఆడుతున్న ఆ మహా నాటకకర్త ఉన్నాడు చూశారూ, ఆయన నాటకాల్లోకెల్లా చీకటి నాటకాన్ని ఎంచుకున్నాను. ముగ్గురు మంత్రగత్తెల మాట, పెళ్ళాం పోరు విని ఒక సేనాని ఇంటికొచ్చిన రాజును చంపుతాడు. తర్వాత ఆ పెళ్ళామే రాణి అయ్యి, నిద్రలో నడుస్తూ, లేని నెత్తురును చేతుల నుంచి కడుక్కుంటూ ఉంటుంది. ఆ నాటకం పేరు పైకి పలికితే అరిష్టమని రంగస్థలం వాళ్ళ నమ్మకం. మణికొండలో నా గదిలో ఉండే వరంగల్ అన్న (ఆయనే మా దర్శకుడు) మొదటి రోజే హెచ్చరించాడు. "ఆ పేరు ఎవ్వలన్న తీసిండ్రనుకో, ఇగ నేను ఇంటికే పోత." అందుకని మేమంతా 'పెద్దాయన నాటకం' అనేవాళ్ళం. ఇప్పటికీ నేను పేరు పలకను. ఎందుకొచ్చిన గొడవ?

కథను ఖాజాగూడ గుట్టల మీద ఒకప్పుడున్న చిన్న సంస్థానంలో జరిగినట్టు మార్చేశాను. అట్ట మీద 'రచన' అని నా పేరు పెద్దక్షరాల్లో, దాని కింద చీమల్లాంటి అక్షరాల్లో 'ఒక ఆంగ్ల నాటకం ఆధారంగా' అని వేసుకున్నాను. (పెద్దాయనకు నేనిచ్చిన మర్యాద అది.) నిద్రలో నడిచే రాణికి ఒకటిన్నర పేజీ మాటలు రాశాను. అన్నీ అంత్యప్రాసలే. మధ్యలో చందమామను నిలదీయడం కూడా ఉంది.

ఆరో అంతస్తులోని శిక్షణ గదిలో సాయంత్రాలు రిహార్సల్స్ జరిగేవి. నా రాతప్రతి ఆ గది అల్మరాలోనే ఉండేది. ఒక మంగళవారం తీసి చూద్దును కదా, రాణి మాటల మీద మొదటి నుంచి చివరిదాకా సన్నటి పెన్సిల్ గీత! పక్కన గుండ్రంగా, పాతకాలపు చేతిరాతతో ఒక్క వాక్యం: 'నిద్రలో నడిచేవాళ్ళు ఇంత మాట్లాడరు.' అందర్నీ అడిగాను. ఎవరికీ తెలియదు. మా బృందంలో తెలుగు చేత్తో రాసేవాళ్ళమే ఇద్దరం, రెండోవాడి రాత నా రాత కన్నా ఘోరం. రోషంతో అర పేజీకి కుదించాను. మర్నాడు అదీ కొట్టేసి ఉంది. 'చందమామతో అసలే మాట్లాడరు.'

వరంగల్ అన్న ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. "గుట్టలు పగలగొట్టి కట్టిండ్రు తమ్మీ గీ బిల్డింగు, ఆ గుట్టల దయ్యమే గావచ్చు. లేకుంటే పెద్దాయనే వచ్చిండు."

"ఆయనకు తెలుగెలా వస్తుందన్నా?"

"సచ్చిపోయినంక అన్ని భాషలు వస్తయ్."

నవ్వాను గానీ, మూడోసారి కనబడిన వాక్యం చదివాక నవ్వు రాలేదు. 'చేతులు తుడుచుకోనివ్వు. మాట అక్కడ వస్తుంది.' ఎవరో నా వెనక నిలబడి, ఆ రాణి ఏం చేస్తుందో కళ్ళారా చూస్తూ చెప్తున్నట్టుంది. నాటకానికి నాలుగు రోజులే ఉన్నాయి. రాణి మాట తేలలేదు. అట్ట మీద నా పేరేమో అచ్చయిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఒక్కణ్ణే ఆఫీసుకు వెళ్ళాను. బయట ముసురు, పట్టపగలే మసక. ఆరో అంతస్తంతా ఖాళీ. మా ఆఫీసులో దీపాలు మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. నేను శిక్షణ గదిలో కాగితం ముందు శిలలా కూర్చున్నానేమో, నా నెత్తి మీద దీపం ఆరిపోయింది. అప్పుడు హాలు అవతలి చివర ఒక దీపం వెలిగింది. దాని తర్వాత ఇంకోటి. ఒక్కొక్కటే నా వైపు నడిచి వస్తున్నాయి. అడుగుల చప్పుడు మాత్రం లేదు. సగం దూరంలో ఆగిపోయాయి. కుళాయి తిప్పిన శబ్దం, నీళ్ళు పడుతున్న శబ్దం. మెల్లగా ఒక ఆడగొంతు వినిపించింది.

"ఇంకా తడి ఆరలేదు... ఎంత తుడిచినా ఆరదేం?"

నా కాళ్ళు నన్నడక్కుండానే లేచాయి. గుమ్మం దాటి చూస్తే, చేతులు కడుక్కునే చోట తెల్లబట్టల్లో ఒకావిడ, తల వంచుకుని అరచేతులు తుడుచుకుంటోంది. ఆగి, మళ్ళీ తుడుచుకుంటోంది. నేను పరుగు లంకించుకున్నాను. అంత శుభ్రంగా తుడిచిన అద్దం తలుపును నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. (అప్పుడూ చూడలేదు, అదే వచ్చిన చిక్కు.)

కళ్ళు తెరిచేసరికి మంచం మీద ఉన్నాను. ఆ తెల్లబట్టలావిడే నా నుదుటి మీద ఐసు పెడుతోంది. "కదలకండి బాబూ, బొప్పే కట్టింది, ఇంకేం కాలేదు." ఆమె మా ఆఫీసు ప్రథమ చికిత్స గది నర్సమ్మ, ఆదివారాలూ డ్యూటీ ఉంటుందట. నెత్తుటి నాటకం రాస్తున్న నాకు, పక్క గదిలో నర్సు ఉంటుందనే తెలియదు. కాళ్ళకు మెత్తటి చెప్పులు. జేబులో పెన్సిలు.

"తప్పయితే మన్నించండి," అందామె. "కాగితాల కోసం అల్మరా తీస్తే కనబడింది. మా నాన్నగారు మిషను బడిలో ఇంగ్లీషు మాస్టారండి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ నాటకాలే చదివి వినిపించేవారు. ఆ రాణి చేత మీరు ప్రాసలు చెప్పిస్తుంటే ఊరుకోలేకపోయాను. ఇందాక ఆ మాట నప్పుతుందో లేదో అని చూసుకుంటున్నానండి."

"ఆ మాట మీకెలా తట్టింది?"

ఆమె ఐసు గుడ్డ పిండింది. "కోనసీమలో నేను కొత్తగా చేరిన ఆసుపత్రిలో ఒక పెద్దావిడ ఉండేదండి. వరదలో మనవరాలి చెయ్యి పట్టుకునుంటే, తడికి జారిపోయిందంట. నిద్రలో లేచి నడిచేది. చేతులు తుడుచుకుంటూ ఆ ఒక్క మాటే అనేది. తడి ఆరితే పట్టు దొరుకుతుందని."

నా నుదుటి మీద ఐసు కన్నా ఆ మాటే చల్లగా తగిలింది. ఏదో అనాలి కాబట్టి, ఆ నాటకాలు పెద్దాయన రాసినవి కావని కొందరు వాదిస్తారని నా పాండిత్యం వెలిబుచ్చాను. "రాసే ఉంటాడు లెండి," అంది. "కానీ విని రాసుంటాడు. ఆయనకూ ఎవరో నర్సమ్మ చెప్పే ఉంటుంది."

గురువారం నాటకంలో రాణి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆ రెండు ముక్కలే అంది. నిండు హాల్లో దగ్గు కూడా వినబడలేదు. తెర పక్కన నిలబడ్డ నేను నా అరచేతులు చూసుకున్నాను. చెమట. ప్యాంటుకు తుడిచాను, ఆరలేదు. ఇంకోసారి తుడవాలంటే భయమేసింది.

చివర్లో మేనేజరు నన్ను వేదిక మీదకు పిలిచి, రాణి అన్న ఆ మాట ఎలా తట్టిందని మైకు నోటి దగ్గర పెట్టారు. వెనక వరసలో తెల్లబట్టలు కనబడుతూనే ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని, "ఏదో... అలా వచ్చేసిందండి," అన్నాను. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆవిడే.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆమె ముందు తల వంచుకు నిలబడ్డాను. అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. ఆమె కంగారుపడింది. "అంత పని చెయ్యకండి బాబూ! నేను రాస్తానని తెలిస్తే, తలనొప్పి మాత్ర కోసం వచ్చేవాళ్ళు నాకింక ఏమీ చెప్పరు." ఆమె ఉద్యోగం మాని ఊరెళ్ళిపోయేదాకా నేను మాట నిలబెట్టుకున్నాను. (సిగ్గు విడిచి చెప్పాలంటే, అది అంత కష్టం కాలేదు.)

ఆ తర్వాత నేను నాటకమేదీ రాయలేదు. ఇప్పుడు జుట్టు పలచబడి, కొత్తగా చేరిన పిల్లలకు 'సర్' అయ్యాను. అప్పుడప్పుడు వాళ్ళలో ఎవరో వచ్చి, "సర్, మీరు గొప్ప నాటకం రాశారట కదా," అంటారు. ఇప్పుడు దాచడం లేదు. "రాసింది నేను కాదమ్మా, పేరు మాత్రమే నాది," అని ఉన్నమాట చెప్పేస్తాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఎంత నిగర్వి చూడు," అనుకుంటూ వెళ్ళిపోతారు.