రోబోకి పెట్టాలనుకున్న బొట్టు

పొద్దుటి నుంచీ నవ్వు ఆగడం లేదు, అందుకే రాస్తున్నాను. ఆమధ్య మా అమ్మాయి పార్వతి కిడ్నీలో కణితిని రోబోతో తీశారు, కిడ్నీని మాత్రం ఉంచేశారు. ఈ రోజు విశాఖపట్నంలో స్కానింగు చూసి డాక్టరు బాబు, "కణితి ఆనవాలు లేదమ్మా. కిడ్నీ చక్కగా పనిచేస్తోంది" అన్నారు. మా పెద్దాణ్ణి ఇదే జబ్బు తీసుకుపోయింది. అందుకని ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను.

తరవాత, ఆపరేషన్ అప్పుడు మొక్కుకున్నట్టే, రోబోకి బొట్టు పెడదామని సంచిలోంచి పసుపు, కుంకుమ తీశాను. మా నౌపడలో ట్రాక్టరు కొన్నా బొట్టు పెట్టకుండా తోలరు కదా.

"ఆ రోబో ఎక్కడున్నాది బాబూ? బొట్టెట్టేసి ఎలిపోతాను."

"అమ్మా, పరువు తీసేస్తన్నావే" అంది పార్వతి.

డాక్టరు నవ్వారు. "అక్కడికి ఎవర్నీ రానివ్వరమ్మా. అయినా దాన్ని నడిపింది నా చేతులే."

"ముందే సెప్పొచ్చు కదేటి? ఇలా సాపండి."

ఆయన బుద్ధిగా చేతులు చాపారు. వేళ్లన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టాను. ఇంకో రోగిని చూసే ముందు కడుక్కుంటానన్నారు. కడుక్కోనివ్వండి, నా మొక్కు తీరిపోయింది.

మీరైతే ఊరుకుని వచ్చేసేవారా, చెప్పండి. మా పెద్దాడుంటే ఈపాటికి పొట్ట పట్టుకుని దొర్లేవాడు. బస్సులో వాడి వంతు కూడా నేనే నవ్వుకుంటూ వచ్చాను.