ఎనిమిది పళ్ల ఎద్దులు

ఎర్మెలిందో తెచెరా తొందరపడి అమ్మే మనిషి కాదు. ఆర్తిగాస్ వైపు అందరికీ తెలిసిన మాటే, చెప్పుకునేది మాత్రం ఎక్కువగా ఆయనే. అక్కడ నల్లరాతి మీద బెత్తెడు మట్టి. నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే గడ్డి అప్పడంలా విరుగుతుంది. అందుకే మబ్బు పలచబడగానే జనం పశువుల్ని లారీ ఎక్కించేస్తారు. ఎర్మెలిందో వాళ్లని పిరికి సన్నాసులని నవ్వేవాడు.

ఆ డిసెంబరులో, అక్కడి ఎండాకాలం మొదట్లో, పశువుల బేరగాడు వాషింగ్టన్ వచ్చాడు. ఎర్మెలిందో కూతురికి బాప్తిస్మంనాటి జ్ఞానతండ్రి, ఆ వరసన బావ. ఎద్దులు నున్నగా బలిసి ఉన్నాయి, నోట్లో ఆరేసి పళ్లు, అంటే ఇంకా లేత వయసే. ధర బాగానే చెప్పాడు. ఎర్మెలిందో మాతే ఆకు కషాయం గొట్టంతో పీలుస్తూ, ఇంకో వాన పడితే తలా ముప్ఫై కిలోలు ఎక్కుతాయి, జనవరిలో రమ్మన్నాడు.

మార్చిలో కౌలు కట్టకపోతే పొలం పోతుంది, దాంతోపాటు ఉంటున్న ఇల్లూ పోతుంది. భార్య దెల్మీరా గుర్తుచేసింది.

"తింటేగా ఎద్దు పెరిగేది. ఏం పెడతావయ్యా, నీ గొప్పలా?"

వాన రాలేదు. జనవరిలో బావ ధర తగ్గిస్తే, తన ఎద్దులకే అవమానమని తిప్పి పంపేశాడు. తగ్గిన కండ తిరిగొచ్చాకే అమ్ముతానన్నాడు. ఫిబ్రవరికి ఎద్దులు ముళ్లచెట్ల బెరడు గీక్కుంటున్నాయి. రెండు వాగు బురదలో దిగబడి, ప్రాణం ఉండగానే గద్దలు కళ్లు పొడుస్తుంటే చచ్చాయి. వాటి తోళ్లు ఆయనే వలిచాడు.

చివరికి తనే బావకి కబురు పంపాడు. వాషింగ్టన్ ఒకదాని మూతి తెరిచి వేలితో తడిమాడు. ఎనిమిది పళ్లు. నోరు నిండిన ఎద్దుకి కబేళాలో ముసలి ధరే.

"కండ పోయి పళ్లొచ్చాయి బావా."

"జనవరిలో అన్న ధరకైనా తీసుకో."

"జనవరిలో అడిగింది ఎద్దుల్ని. ఇవి ఎముకలు."

ఆ డబ్బు కౌలుకి చాలలేదు. ఆ కౌలు తనే కట్టి పొలం వాషింగ్టన్ తీసుకున్నాడు. ఎద్దుల్ని అతను ఎక్కడికీ తోలలేదు, ఆ పొలంలోనే వదిలాడు. వారం తిరక్కుండానే వాన దంచి కొట్టింది. దెల్మీరా కూతురింటికి వెళ్లిపోయింది. ఎర్మెలిందో వాషింగ్టన్ దగ్గరే జీతానికి కుదిరి, అవే ఎద్దుల్ని కాశాడు.

జూన్‌లో లారీలొచ్చాయి. ఎర్మెలిందో ఒకదాని తోక మొదట్లో కొవ్వు నొక్కి చూసి, ఇంకో నెలాగితే బాగుంటుందని గొణిగాడు.

"ఎక్కించు," అన్నాడు వాషింగ్టన్. బావా అనడం ఎప్పుడో మానేశాడు.

ఎర్మెలిందో ఎక్కించాడు.