చెంగమ్మక్కకు కనపడకుండా

మా పక్క స్థలంలో మూడో అంతస్తు లేస్తోంది. సెంట్రింగ్ పనికోసం పోయిన వారం లారీ నిండా సరుగుడు కట్టెలు తెచ్చి మా గోడవారనే దించారు. పచ్చి కట్టెలు, బెరడు కూడా ఊడలేదు. తిరుపతి ఎండకు ఆరుతూ అవి ఒక వాసన వదులుతున్నాయి. కొంత వగరు, కొంత తడిమట్టి. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. డెబ్బై దాటినవాడికి కట్టెల మీద కోపమేమిటని మనవరాలు నవ్వింది. కట్టెల మీద కాదు. ఒకప్పుడు ఆ చెట్లను పనిగట్టుకుని పెంచినవాడి మీద. వాడు ఎక్కడికో పోయాడని అనుకోవడానికి లేదు. ఇప్పటికీ నా చొక్కాలే తొడుక్కుని తిరుగుతున్నాడు.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో మేము చిత్తూరులో ఉండేవాళ్ళం. నేను బెల్లం మండీలో గుమాస్తాను. సరోజ నా భార్య, మా మేనమామ కూతురు. నాయన కట్టించి ఇచ్చిన రెండు గదుల ఇల్లు, వెనక పెరడు, అందులో ఒక బావి, బట్టలుతికే బండ. పెరటికి పడమటివైపు రొమ్మెత్తు గోడ. గోడకు అవతల చెంగమ్మక్క. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మినప్పిండి కలిపి అప్పళాలు ఒత్తి, ఊళ్ళో హోటళ్ళకూ, కాణిపాకం దారిలోని భోజనాల అంగళ్ళకూ వేసేది. పొద్దు పొడిచేసరికి ఆమె పెరడంతా చాపలు, చాపల మీద అప్పళాలు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధంత. మేము కాపురానికి వచ్చిన రోజు గోడ మీదుగా గిన్నెడు పులుసు అందించి, "ఉప్పు సాలకపోతే మీరే ఏసుకోండి, మళ్ళా నన్ను పిలవద్దు, నాకు తీరిక లే" అంది. ఆమెతో మా పరిచయం అది.

నేను సరోజను కొట్టేవాణ్ణి. ఈ సంగతిని చుట్టూ తిప్పి చెప్పడానికి మన భాషలో చాలా మాటలున్నాయి. 'చెయ్యి చేసుకోవడం' వాటిలో ఒకటి. అవన్నీ కొట్టినవాళ్ళు తయారుచేసుకున్న మాటలు. మండీ యజమాని నలుగురిలో నన్ను తిట్టేవాడనీ, ఆ కోపమే ఇంటిదాకా మోసుకొచ్చేవాణ్ణనీ చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. యజమాని మీది కోపాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరెత్తకుండా దాచుకోగలిగినవాడు ఇంకో గంట దాచుకోలేడా? ఎక్కడ చూపితే ఎదురు రాదో నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఒక ఆదివారం పొద్దున సంగటి చల్లారిపోయిందని పెరట్లోకి వెళ్ళి, బండ దగ్గర బట్టలు పిండుతున్న సరోజను చెంప మీద కొట్టాను. రెండో దెబ్బకు చెయ్యి లేచింది. గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది.

"రేయ్ మునిరత్నం! దించు ఆ చెయ్యి. నేను సూస్తా ఉండా."

తిరిగి చూశాను. చేతిలో చాప పట్టుకుని నిలబడి ఉంది.

"ఇది మా ఇంటి సంగతి, నువ్వు పోక్కా" అన్నాను.

"మీ ఇంటి సంగతయితే మా ఇంటికెందుకు ఇనపడతాది? దించినావా లేదా? లేకుంటే గోడెక్కి దూకమంటావా ఈ వయసులో?"

చుట్టుపక్కల పెరళ్ళలో తలలు లేచాయి. ఎవరో నవ్వారు కూడా. నేను చెయ్యి దించాను. మరునాడు టీ అంగట్లో ఒకడు, "ఏమబ్బా, చెంగమ్మక్క నీ మిందే కన్నేసిందంట గదా!" అన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆ రోజు నాకు సిగ్గేసింది. కొట్టినందుకు కాదు, కనపడినందుకు.

పులికాట్ పక్కకు బెల్లం తోలే లారీ డ్రైవరు ఒకడు మండీకి వచ్చేవాడు. ఆ దారిలో సముద్రం వైపు ఇసక నేలల్లో సరుగుడు తోపులు ఉంటాయి, అక్కడ నారు అమ్ముతారని చెప్పేవాడు. సరుగుడును మా వైపు సవుకు అంటారు. అయిదు మొక్కలు తెమ్మన్నాను.

"ఉప్పుగాలికి పెరిగే మాను గదప్పా ఇది. ఈడెందుకు నీకు?" అన్నాడు.

"నీడకు."

"దీనికి నీడెక్కడిదబ్బా! పైర్లకు ఇసక కొట్టకుండా అడ్డంగా ఏస్తారు దీన్ని."

"ఆ అడ్డమే గావాల నాకు" అన్నాను.

పడమటి గోడ పొడుగునా, గోడకు మూరెడు ఎడంగా, ఒకదాని పక్కన ఒకటి నాటాను. రోజూ రెండు పూటలా నీళ్ళు పొయ్యమని సరోజకు చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. బావిలోంచి చేది, బిందె చంకన పెట్టుకుని, ఒక్కో మొదలుకూ వంగి పోసేది. నేను మెట్టు మీద కూర్చుని, సరిగ్గా పోస్తోందా లేదా అని చూసేవాణ్ణి. పలమనేరు దగ్గర మా పల్లె నుంచి నాయన వచ్చినప్పుడు మొక్కల వరస చూసి, "మంచి పని చేసినావురా. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాల" అన్నాడు. సరోజ నాన్న, అంటే నా మేనమామ, ఆ పక్కనే కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. కూతురి చెంప మీది కమిలిన మచ్చ ఆయనకు కనపడకపోవడానికి మధ్యలో ఏ చెట్టూ లేదు.

సముద్రాన్ని ఎన్నడూ చూడని నేలలో అవి పిచ్చిపట్టినట్టు పెరిగాయి. ఏడాదికి మనిషెత్తు చొప్పున లేచాయి. చివర్లు తుంచేకొద్దీ పక్కలకు గుబురెక్కాయి. మూడో ఏటికి పడమర లేదు, చెంగమ్మక్క పెరడు లేదు, పచ్చటి గోడ ఒక్కటే ఉంది. చిన్న గాలికి కూడా ఒకటే హోరు. సూదుల్లాంటి ఆకు పెరడంతా రాలి పరుపులా పేరుకునేది. ఆ పరుపు కింద గడ్డి కూడా మొలవలేదు. సరోజ పెట్టుకున్న కనకాంబరాలు ఎండిపోయాయి. బావి నీళ్ళల్లో ఆకు, ఉతికిన బట్టల్లో ఆకు. ముళ్ళకాయలు కాళ్ళకు గుచ్చుకునేవి. నేను మాత్రం ఆ చెట్లను చూసుకుని మురిసిపోయాను. ఆ హోరులో చెంప దెబ్బ చప్పుడు గోడ దాటదని నాకు తెలుసు.

ఆ చెట్ల వెనక ఎన్నిసార్లు కొట్టానో నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడం కొట్టినవాడికి దొరికే సౌకర్యం. ఒక్కటి గుర్తుంది. వినాయక చవితి వెళ్ళిన వారానికి, నేను తోస్తే సరోజ బండ మీద పడింది. మణికట్టు విరిగింది. బావి దగ్గర కాలు జారిందని డాక్టరుకు నేనే చెప్పాను. సరోజ నేల చూస్తూ తల ఊపింది.

మరునాడు వీధి కొళాయి దగ్గర చెంగమ్మక్క ఆ కట్టు చూసిందట. ఏమీ అడగలేదట. సాయంత్రం నేను మండీ నుంచి వచ్చేసరికి మా ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు పీట, అప్పళాల కర్ర, తడిబట్ట కప్పిన పిండి ముద్ద.

"ఏమక్కా, ఇట్లా వచ్చినావు?" అన్నాను.

"నీ సవుకు బాగా పెరిగింది గదప్పా. ఆడ్నుంచి ఏమీ కనపడలే. అందుకని ఈడికే వచ్చినా" అంది. అని, ఒక ఉండ తీసి పీట మీద పెట్టి ఒత్తడం మొదలుపెట్టింది.

రెండో రోజూ వచ్చింది. మూడో రోజూ వచ్చింది. నేను ఇల్లు చేరే వేళకు ముందే చేరేది. నేను తిని, చెయ్యి కడుక్కుని, మంచమెక్కాక పీట ఎత్తుకుని పోయేది. జ్వరమొస్తే చెవులకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. వాన వస్తే పిండి గిన్నెను కొంగు కింద దాచుకుని వచ్చింది. నాతో మంచీ చెడ్డా ఏమీ మాట్లాడేది కాదు. కర్ర పీట మీద దొర్లే చప్పుడు, మధ్యమధ్య సరోజతో ఏదో ఒక మాట, అంతే. ఒక్కోరోజు నాకు ఆ పీటను వీధిలోకి విసిరేయాలనిపించేది. ఒకనాడు పట్టలేక అరిచాను.

"ఇది నా ఇల్లు!"

"నీ ఇల్లే గదప్పా, నాదని ఎవురన్నారు? సరోజా, మీ ఆయనకు ఇల్లు గుర్తొచ్చింది, కాఫీ ఇయ్యి. నాకూ అరగ్లాసు పొయ్యి."

"నువ్వెవరు నాకు?"

"ఎవురూ గాను. ఎవురూ గానోళ్ళే అడగాల. అయినోళ్ళంతా నోట్లో ఆకూ వక్కా ఏసుకోని కూసోనుండారు గదా."

"ఎన్నాళ్ళొస్తావిట్లా?"

ఒత్తిన అప్పళాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, పక్కన పెట్టింది. "నీ సెయ్యి మర్సిపోయిందాక" అంది.

ఆమె గతంలో ఏదో జరిగి ఉంటుంది, అందుకే అంత పట్టుదల అని తర్వాత చాలామంది నాతో అన్నారు. నాకు తెలియదు, ఆమె చెప్పలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకు. కళ్ళెదుట ఒక మనిషిని కొడుతుంటే కోపం రావడానికి ఒక కథ కావాలా? కోపం రాని వీధి మొత్తానికీ ఏ కథ ఉందో ఎవరూ అడగరు.

చలికాలం పోయింది. బుద్ధి కుదిరి మారానని చెప్పను. ఎదురుగా మనిషి ఉంది కాబట్టి కొట్టలేదు. అంతే. మంచితనం కాదది, మొదట్లో అది కేవలం అడ్డంకి. ఒక పొద్దున మండీకి సెలవై ఇంట్లో ఉన్నాను. పెరట్లో పళ్ళు తోముకుంటూ చెట్ల సందులోంచి ఊరకే అవతలికి చూశాను. తొమ్మిదవుతోంది. చెంగమ్మక్క పెరడు సగం మా చెట్ల నీడలో ఉంది. ఎండ ఉన్న మూలకు చాపలు ఈడ్చుకుంటోంది. ఈడ్చిన చాప మీద కూడా ఆకు రాలి ఉంది. ఆమె గొంతుక్కూర్చుని, తడి అప్పళాలకు అంటుకున్న సూదులను గోటితో ఒక్కొక్కటే తీస్తోంది. ఒక అప్పళం చిరిగింది. పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది.

ఆ ఎండే ఆమె బతుకు. మూడేళ్ళుగా పొద్దుటి ఎండను నేను కాజేశాను. దాని గురించి ఆమె ఎప్పుడో ఒకప్పుడు పోట్లాటకు వస్తుందని ఎదురుచూశాను కూడా. నా చెట్టు నా స్థలం అని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. అన్ని నెలలు నా గదిలో కూర్చుంది, నాకు అయిదడుగుల దూరంలో, ఎండ అన్న మాట ఒక్కసారి ఎత్తలేదు. ఎత్తి ఉంటే అది చెట్ల తగాదా అయిపోయేది. సరోజ సంగతి అందులో కలిసిపోయేది. ఆమె దాన్ని కలవనివ్వలేదు.

ఆ రోజే గొడ్డలి అడిగి తెచ్చాను. కూలీని పిలవలేదు. అయిదు చెట్లూ నేనే కొట్టాను. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. సరోజ మెట్టు మీద నిలబడి చూసింది. ఒకప్పుడు నేను కూర్చున్న మెట్టే. సాయంత్రం చెంగమ్మక్క వచ్చి పీట వేసుకోగానే నా చేతులు ఆమెకు కనపడేలా పెట్టి, "అక్కా, మాన్లు కొట్టేసినాను" అన్నాను. ఒక మంచి మాట అంటుందని ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ.

ఆమె తలెత్తలేదు. "మాన్లేం జేసినాయిరా పాపం?" అంది. తర్వాత పిండి మీద తడిబట్ట కప్పి లేచింది. "సరే, రేపట్నుంచి రాను. ఆడ్నుంచే కనపడతాది."

మరునాడు సాయంత్రం కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే, గోడ అవతల పీట వేసుకుని మా ఇంటివైపు తిరిగి కూర్చుని ఉంది. ఒకసారి చూసింది. కర్ర దొర్లిస్తూనే ఉంది. చిత్తూరులో ఉన్న మిగతా ఆరేళ్ళూ ఆ చూపు అలాగే ఉంది. నన్ను మెచ్చుకోలేదు, క్షమించానని అనలేదు. నేను మళ్ళీ సరోజ మీద చెయ్యెత్తలేదు. ఇది చెప్పుకోదగ్గ గొప్పా? పక్కింటి ఆడమనిషి తన సాయంత్రాలన్నీ పోగొట్టుకుంటే తప్ప నాకు రాని బుద్ధి అది.

తిరుపతికి వచ్చేసే రోజున ఆమె సరోజకు ఒక డబ్బా అప్పళాలు ఇచ్చింది. నా ముందే చెప్పింది: "యాడికి పోయినా సరే, ఎనక తలుపు ఏసుకోవద్దు పాపా. నలుగురికీ ఇనపడనీ." ఆ తర్వాత రెండేళ్ళకు ఆమె పోయిందని తెలిసింది. మేము వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి.

చాలా ఏళ్ళ తర్వాత సరోజను క్షమించమని అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే అంది: "దెబ్బలు సరేలే, అవి ఎట్లో మానినాయి. ఆ చెట్లకు నా సేత నీళ్ళు పోయించినావు సూడు. మెట్టు మింద కూసోని సూస్తా. అది మాత్రం నా వల్ల గాదు."  ఈ రోజుకూ నేను మళ్ళీ అడగలేదు.

మొన్న ఆ కట్టెల లారీ వచ్చిన రోజే, కరెంటు బిల్లు కాగితం ఎక్కడ పెట్టావని సరోజ మీద గొంతు లేపాను. నా గొంతు చిత్తూరునాటి స్థాయికి చేరడం నాకే వినిపించింది. సరోజ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. మెల్లగా నడిచి వెళ్ళి, వెనక తలుపు గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. సరుగుడు వాసన గుప్పున లోపలికి వచ్చింది. తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు" అంది.