తీగ పట్టుకుని వచ్చిన ఫైరింజన్

నేను అశోక్‌నగర్‌లో అద్దెకున్న రోజుల్లో చుట్టుపక్కల వాళ్ళకి మామీద రెండు అనుమానాలుండేవి. ఒకటి, మేం గూఢచారులమని. రెండు, మాకు పిచ్చని. రెండోదాన్ని మేమెప్పుడూ ఖండించలేదు.

మేమంటే అయిదుగురం, అమెచ్యూర్ రేడియో వాళ్ళం. పరీక్ష రాసి, సర్కారు దగ్గర లైసెన్సు తీసుకుని, యుద్ధంలో పారేసిన సామాను పాత బజార్లో ఏరుకొచ్చి సొంతంగా వైర్‌లెస్ సెట్లు తయారుచేసుకునే జాతి. ఆ సెట్ల ముందు కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడేవాళ్ళం. ఏం మాట్లాడేవాళ్ళమని అడక్కండి. నా మాట వినపడుతోందా అని నేనడుగుతాను, వినపడుతోంది, మరి నాది వినపడుతోందా అని వాడడుగుతాడు. తర్వాత మీ ఊళ్ళో వాతావరణం, మా ఊళ్ళో వాతావరణం. కొలంబోలో ఒకాయన నా గొంతు విన్నాడని వారం పాటు ఆఫీసులో కాలరెగరేసుకుని తిరిగాను. ఇంతకీ ఏం చెప్పావయ్యా అని మా హెడ్‌క్లర్కు అడిగితే, ఇక్కడ ఎండగా ఉందని చెప్పానన్నాను.

ఇది చాలదన్నట్టు ప్రజాసేవ కూడా నెత్తికెత్తుకున్నాం. గట్టి వాన పడితే ఊళ్ళో ముందు చచ్చేవి టెలిఫోన్లు. అలాంటప్పుడు మాలో ఒకడు సెట్టు మోసుకెళ్ళి నారాయణగూడలో ఫైరింజన్లు నిలిపే చోట కూర్చోవాలి, మిగతావాళ్ళం ఇళ్ళ నుంచి ఎక్కడ ఏమైందో వాడికి చెప్పాలి. అక్కడి ఆఫీసరు మమ్మల్ని ఎగాదిగా చూసి, నీళ్ళ గొట్టాలు చుట్టిపెట్టే మూల ఒక కుర్చీ వేయించాడు. ఆ కుర్చీలో కూర్చునేవాడు చిక్కడపల్లి బ్యాంకులో పనిచేసే మా మిత్రుడు. మహా నియమాల మనిషి. రేడియోలో ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క మాట్లాడడు. భార్యను కూడా పేరుతో కాక, లైసెన్సు మీద ఇచ్చే కాల్‌సైన్ లాంటిది పెట్టే పిలుస్తాడని మేం ఏడిపించేవాళ్ళం.

మా ఇల్లుగలావిడ ఇల్లు మురుగుకాలవ ఒడ్డునే, దాన్నే నాలా అంటారక్కడ. కింద ఆవిడా, పక్షవాతంతో మంచం పట్టిన ఆవిడ భర్తా. మేడ మీద నా గది, దానికి బయటి నుంచి మెట్లు. నేనావిడను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆవిడ నన్ను ఆంధ్ర సారు అనేది, అసలే ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని ఊళ్ళో గొడవలుగా ఉన్న కాలం. సెట్టుకి ఏరియల్ తీగ కట్టడానికి మేడ మీద వెదురుబొంగు పాతుకుంటానంటే ఇంతెత్తున లేచింది. "నా ఇంటి మీద పిడుగు పడాల్నా? పాతుకునేదుంటే మీ ఆంధ్రకు పోయి పాతుకో!"

చేసేది లేక, పై గల్లీలో మా ఆఫీసు ప్యూను గారింటి డాబా మీద బొంగు పాతి, అక్కడి నుంచి తీగను నాలుగు కప్పుల మీదుగా నా కిటికీకి లాక్కొచ్చాను. మా అయిదుగురికీ ఒక జబ్బుండేది. ఒకరి ఇంటి నంబరు ఒకరికి తెలీదు. ఏరియల్ తెలుసు. ఫలానా వాడిల్లు ఏదంటే, ఎర్ర పీలిక కట్టిన బొంగు అనేవాళ్ళం. ఆ లెక్కన నా ఇల్లు పై గల్లీలో ఉన్నట్టు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం నాలా పొంగింది. కింద నుంచి పెద్దమ్మ కేక. "ఓ సారూ, జర జల్ది రా! ఇంట్లకు నీళ్ళొస్తున్నయి!"

దిగి వెళ్ళేసరికి గుమ్మంలో మోకాలి పైకి నీళ్ళు. ఇద్దరం కలిసి ఆయన్ని ఎత్తబోయాం. భారీ మనిషి, ఒక పక్క బొత్తిగా స్వాధీనంలో లేదు. మంచం కోళ్ళ కింద రోకలీ, పీటలూ, బియ్యం డబ్బా ఏది దొరికితే అది పెట్టి కాస్త ఎత్తు చేశాం. ఆయన్ని మెట్ల దాకా మొయ్యాలంటే వాకిట్లో నీళ్ళ ఉరవడికి నేనొక్కణ్ణి నిలబడటమే గగనంగా ఉంది. వీధిలో ఫోన్లన్నీ ఎప్పుడో పోయాయి. పెద్దమ్మ ఆయన తల ఒళ్ళోకి తీసుకుని, "నువ్వు పైకి పో, నీ డబ్బాల ఎవలనన్న పిలువు" అంది.

నాలుగంగల్లో పైకెక్కి, లారీ బ్యాటరీ తగిలించి, నారాయణగూడలో కుర్చీలో ఉన్న మావాణ్ణి పిలిచాను. పలికాడు. వాడి పద్ధతిలో వాడు పలికాడు. నీ మాట దివ్యంగా వినపడుతోంది మిత్రమా, ఇక్కడ జోరుగా వాన, మీ దగ్గర వాతావరణం ఎలా ఉంది అన్నాడు. అలవాటు పాడుగాను, ఇక్కడా వానే, నీ మాటా దివ్యంగా ఉంది అన్నాను నేను!

కింది నుంచి పెద్దమ్మ గొంతు. "ఈడ మనిషి మునుగుతుంటే గా ముచ్చట్లేంది సారూ నీకు? నీ నోట్ల మన్ను బడ!"

అప్పటికి తెలివొచ్చింది. మంచాన ఉన్న రోగి, ఇంట్లో నీళ్ళు, వెంటనే ఫైరింజన్ పంపించు అన్నాను. పంపిస్తున్నా అన్నాడు. ఎక్కడికి అని వాడడగలేదు, నేను చెప్పలేదు. వాడికి నా ఇల్లు తెలుసు కదా!

గంట మోగుతూ ఫైరింజన్ వచ్చింది. వచ్చి పై గల్లీలో ఆగింది. కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. అది నా బొంగు కిందే ఆగింది. అక్కడ చుక్క నీళ్ళు లేవు. వీళ్ళెందుకొచ్చారా అని ప్యూను గారు బిత్తరపోయి చూస్తున్నాడట. కాసేపుంటే వెనక్కి తిరిగి పోతారు. కింద పెద్దమ్మ, "నీళ్ళు ఛాతీ మీదికొచ్చినయ్ సారూ" అని ఏడుస్తోంది. నేనెంత అరిచినా ఆ వానలో నా కేక గల్లీ దాటలేదు. మావాడికి చెబుదామని మీట మాట్లాడే వైపు తిప్పాను గానీ, బయల్దేరిపోయిన బండిలో సెట్టేదీ?

కిటికీలోంచి చెయ్యి చాపి తీగను పట్టుకుని గుంజాను. మీట ఇంకా మాట్లాడే వైపే ఉంది, అలా ఉంటే తీగ నిండా కరెంటే, కట్టెయ్యడం మర్చిపోయాను. వేళ్ళు చురుక్కున కాలాయి. అబ్బా అని అరిచి, సెట్టును ఒక్క తన్ను తన్ని మీట కట్టేసి, మళ్ళీ రెండు చేతులా తీగ పట్టుకుని పూనకం వచ్చినట్టు ఊపాను. అవతల బొంగు ఊగింది. ప్యూను గారు తలెత్తి చూసి, తీగ వెంట వేలు చూపించుకుంటూ వాళ్ళను మా వాకిట్లోకి తీసుకొచ్చాడు.

వాళ్ళు తాళ్ళు కట్టుకుని ఉరవడిలోకి దిగారు. మంచంతో సహా ఆయన్ని ఎత్తి నా గదిలోకి చేర్చారు. తడిసి ముద్దయిన ఆ మనిషి కళ్ళు తెరిచి, బాగున్న చేత్తో పెద్దమ్మ కొంగు పట్టుకుని ఇక వదల్లేదు.

సెట్టు మళ్ళీ పెట్టాను. మావాడు ఆత్రంగా పిలుస్తున్నాడు. ఇందాక నువ్వు అబ్బా అన్నది ఇన్నాళ్ళలోకెల్లా స్పష్టంగా వినపడింది, తర్వాతేమైంది అని. మండుకొచ్చింది నాకు. లైసెన్సు లేనివాళ్ళు మాట్లాడకూడదన్నది మా నియమాల్లో మొదటిది. మైకు తీసుకెళ్ళి పెద్దమ్మ నోటి ముందు పెట్టాను.

"ఎవరయ్యా నువ్వు?" అంది ఆవిడ. "మా ఆయన బతికిండు. నీ బండి గల్లీ తప్పింది గని బతికిండయ్యా. నాకు పిల్లల్లేరు, జెల్లల్లేరు. ఈయనొక్కడే ఉన్నడు." అలా మైకు ముందే వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీట తిప్పాలన్న ధ్యాసే లేదు నాకు.

చివరికి వినే వైపు తిప్పాను. మావాడు, ఏనాడూ రేడియోలో తెలుగు పలకని మనిషి, అన్నాడు. "అమ్మా, మీ ఇంటి నంబరు జర చెప్పుండ్రి."