నర్సమ్మ కుంటి స్టూలు

నర్సమ్మ దగ్గర ఒక్క వస్తువూ సవ్యంగా ఉండదు. ఆవిడ గొడుగు తెరుచుకోదు, తెరుచుకుంటే మూసుకోదు. చివరి రోజుల్లో ఉన్నవాళ్లను కనిపెట్టుకుని చూసే ఆ ఆసుపత్రిలో మందు మాత్రం ఠంచనుగా, నొప్పి రాకముందే అందించేది. మిగతావన్నీ ఆవిడ చెయ్యి పడితే విరిగేవి. పైగా వాటిని రోగుల దగ్గరికే మోసుకొచ్చేది!

అక్కడ చేరిన వడ్రంగాయన కొడుక్కి ఇది బొత్తిగా మింగుడుపడలేదు. అతను తపాలా ఆఫీసులో గుమస్తా. ముద్ర కొట్టడం తప్ప చేత్తో చేసే పనేదీ రాదు. ఇక వైద్యం లేదని డాక్టరు చెప్పిన రోజునుంచీ తండ్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజులుగా ఉలుకూ పలుకూ లేదు. ఒక్క మాటైనా ఆడకుండా వెళ్లిపోతాడేమోనని కొడుక్కి గుబులు.

ఐదో రోజు నర్సమ్మ ఒక స్టూలు తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది. టక. అటు ఒరిగింది. టక. ఇటు ఒరిగింది.

"కుర్చీ వేస్తానుండండమ్మా," అన్నాడు కొడుకు.

"వద్దు నాయనా, నాకిదే అచ్చొచ్చింది." టక. టక.

"ఎవడు చేశాడమ్మా ఆ దరిద్రాన్ని?" అంది గోడవైపునుంచి ఒక గొంతు.

కొడుకు ఉలిక్కిపడ్డాడు. తండ్రి ఇటు తిరిగాడు. "ఒక కాలు పొట్టి. మిగతా మూడూ కొయ్యాలి. ఒరేయ్, ఇంటికెళ్లి నా రంపం పట్రా."

"కోసేది నేనా?"

"కాకపోతే నేను లేచి కొయ్యాలా?"

కొడుకు రంపం పట్టాడు.

"అది చీపురట్రా, అలా పట్టుకున్నావ్? మెల్లగా! చెక్కని బతిమాలుకోవాలి, తిట్టకూడదు."

"మరి నన్ను తిడుతున్నావే?"

"నువ్వు చెక్కవి కావుగా!"

సాయంత్రానికి స్టూలు బుద్ధిగా నిలబడింది. మర్నాడు పొద్దున కొడుకు టీ తాగొచ్చేసరికి నర్సమ్మ దానిమీద మళ్లీ ఊగుతోంది. నేల వంకరేమోనని అతను స్టూలుని నాలుగు మూలలా పెట్టి చూశాడు. దారంతో కాళ్లు కొలిచాడు. ఈసారి ఇంకో కాలు పొట్టి!

"చెక్కన్నాక కుంచించుకుపోదూ? కొయ్యి," అన్నాడు తండ్రి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అలా రోజూ కోశాడు, ఏమీ అర్థంకాకుండానే. ఆ కోతల మధ్యలోనే అమ్మని మొదటిసారి చూసిన ముచ్చటా, "నిన్ను పనిలోకి దించకుండా చదివించాను, తప్పు చేశానట్రా?" అన్న ప్రశ్నా, "లేదు నాన్నా" అన్న జవాబూ రంపపు పొట్టుతోపాటే రాలాయి. పన్నెండో రోజు మధ్యాహ్నం కొడుకు చేతిలో చెయ్యి పెట్టి, నొప్పన్నది లేకుండా తండ్రి వెళ్లిపోయాడు. స్టూలు అప్పటికి జానెడెత్తుంది.

నెల తరవాత కొడుకు రంపం తీసుకెళ్దామని వచ్చాడు. వరండాలో నర్సమ్మ తన చేతి గడియారాన్ని గోడకేసి బాదుతోంది.

"ఆగిపోయిందామ్మా?"

"ఆగి చావట్లేదయ్యా! మూడో గదిలోకి గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు. రెండు రోజులుగా గోడతోనే కాపురం."

"అయితే... స్టూలు?"

"మొదటి కాలు నేనే కోశాను. మీ నాన్నగారు ఇట్టే పట్టేశారు. నువ్వటు వెళ్లగానే పిలిచి, 'ఏం కోతమ్మా అది, ఎలుక కొరికినట్టు? రేపు ఇంకో కాలు నున్నగా కొయ్యి. మావాడికి తెలియనివ్వకు' అన్నారు. ఆ తరవాత రోజూ గీత ఆయనది, కోత నాది."

పక్కనే ఉన్న స్టూలుమీద కొడుకు చతికిలబడ్డాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. స్టూలు మాత్రం ఇంతైనా కదల్లేదు. అతనికి నవ్వొచ్చింది.

"ఇలా ఇవ్వండమ్మా," అని గడియారం తీసుకుని అరుగుమీద పెట్టాడు. స్టూలు పక్కనున్న రంపం తీసి, పిడి తిరగేసి, తపాలా ముద్ర కొట్టినట్టు ఒక్కటి కొట్టాడు.

ఆగింది.