ఆదివారం నోరు విప్పని పెట్టె

మా అక్కకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. పులివెందులలో అత్తగారింట్లో మంచం మీదనే ఉంటుంది. మాట ముద్దగా వస్తుంది గానీ మతి చెదరలేదు. ఆమెకు ఒకటే కోరిక ఉండింది. నెల మొదటి ఆదివారం జమ్మలమడుగులో మా క్రైస్తవ సంఘం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు, పాస్టరు అయ్యగారు రొట్టెను ఆశీర్వదించే మాటలు చెవులారా విని తానూ తీసుకోవాలి. పులివెందుల అయ్యగారు ఇంటికొచ్చి ఇస్తామన్నారు. అక్క ఒప్పుకోలేదు.

"నన్ను పెన్నలో ముంచి లేపి బాప్తిస్మమిచ్చిన సంఘం అది. ఆ మాట ఆడనుంచే రావల్ల" అంది.

నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు చూసుకుంటాను. అక్కడ మూలన పడేసిన పాతదొకటి అడిగి తెచ్చి, లైనక్స్ ఎక్కించి, అయ్యగారి మాట ఇంటర్నెట్ మీదుగా అక్క ఫోన్‌కు పోయేలా మందిరంలో మైకుకు కలిపాను. మా మందిరానివి మందపాటి రాతిగోడలు. లోపల ఫోన్‌కు సిగ్నల్ అందదు, పైగా ఫోన్లన్నీ గుమ్మం దగ్గర గంపలో వేసి రావాలి. అందుకని వీధిలోంచి ఇంటర్నెట్ తీగ లాగి రౌటరు పెట్టించాం. కంప్యూటరును ప్రసంగ వేదిక వెనక అలమరలో పెట్టి తాళం వేశాం. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ఆరాధన మొదలయ్యాక వేదిక ముందరి కొయ్య కంచె దాటి అయ్యగారు తప్ప ఎవరూ పోకూడదు. కాబట్టి కరెంటు రాగానే అది తనంతట తానే లేవాలి. లేస్తూనే రౌటరును తనకొక చిరునామా అడగాలి. రౌటరు ఇస్తేనే బయటి లోకంతో దానికి మాట కలుస్తుంది. ఇవ్వకపోతే కాసేపు అడిగి ఊరుకుంటుంది.

శనివారం పోయి ఆన్ చేసి, మైకులో నాలుగు మాటలు మాట్లాడి, బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను.

"వినపడిందా అక్కా?"

"శానా బాగా వినపడింది. నీ గొంతు చాల్లే, అయ్యగారిది పెట్టు."

మరునాడు బల్ల ఆదివారం. ఆరాధన ముగిసి, గంపలోంచి ఫోన్ తీసుకుని బయటికొచ్చి చేస్తే అక్క నవ్వుతోంది.

"ఏంది తమ్ముడా, మీ డబ్బా గూడా ప్రసంగంలో కునుకుతాందా? ఒక్క ముక్క వినపల్యా."

"మరి నీకని పెట్టిన రొట్టె?"

"మీ బావ టీలో అద్దుకుని తిన్యాడు. ఆశీర్వాదం గాని రొట్టె రొట్టెనే గదా."

కంప్యూటరు రాసి పెట్టుకున్నది చదివితే, చిరునామా అడిగాను, జవాబు రాలేదు అని ఉంది. రౌటరు చెడిపోయిందనుకుని మార్పించాను. శనివారం మళ్లీ చక్కగా పలికింది. మధ్య ఆదివారాల్లో దాని ప్లగ్గు తీసి ఉంచేవాణ్ణి; ఆ మరుసటి నెల బల్ల రోజున మళ్లీ మూగబోయింది. తీగ మార్పించాను. మూడో నెలా అంతే. ఈసారి అక్క నవ్వలేదు.

"తమ్ముడా, వెనక బెంచీ గుర్తుందా నీకు?"

నాకెందుకు గుర్తుండదు? మా సంఘంలో ఎవరైనా తప్పు చేస్తే పెద్దలు విచారించి బల్లకు దూరం పెడతారు. రొట్టె పంచే వేళ వాళ్లు పోయి వెనక బెంచీలో కూర్చోవాలి. యోగ్యత లేకుండా తింటే శిక్ష తిన్నట్టేనని మాకు చిన్నప్పటి నుంచి నేర్పిన మాట. చిన్నతనంలో మేమిద్దరం మెడ తిప్పి ఆ బెంచీలో ఎవరున్నారా అని చూసి అమ్మ చేత మొట్టికాయలు తిన్నాం.

"నన్ను ఆడ కూర్చోబెట్టినాడు ఆ ప్రభువు" అంది అక్క. "ఉట్టి రోజుల్లో పలికేది బల్ల రోజు పలకదంటే ఏందనుకోవాల?"

తర్వాతి ఆదివారం బల్ల లేదు. అయినా పెందలాడే పోయి కంప్యూటరు ప్లగ్గు పెట్టి, స్విచ్చి బోర్డు పక్కన కూర్చున్నాను. మా సంఘపెద్ద ఆరాధన కాగానే మెయిన్ దించేస్తాడు. మళ్లీ ఆదివారం, మొదటి ప్రార్థనకు ఆమెన్ చెప్పాకనే లేపుతాడు. ఆ రోజూ లేపాడు. ఫ్యాన్లు, మైకు, రౌటరు, కంప్యూటరు అన్నీ ఒకేసారి లేచాయి. రౌటరు దీపాలు ఇంకా మినుకుమినుకుమంటూనే ఉన్నాయి, అలమరలో కంప్యూటరు అప్పటికే అడిగి ఊరుకుందని తర్వాత అది రాసి పెట్టుకున్నది చూస్తే తెలిసింది. శనివారాల్లో నేను ముందు మెయిన్ వేసి, ల్యాబు నుంచి తెచ్చిన తెర, కీబోర్డు తగిలించుకుని, ఆ తర్వాత కంప్యూటరు ఆన్ చేసేవాణ్ణి. ఆ లోపల రౌటరు తయారుగా ఉండేది.

ఆరాధన తర్వాత, రౌటరును ముందుగా వేసుకోనిమ్మని పెద్దను అడిగాను.

"ఆదివారం ప్రార్థన గాకముందు మెయిన్ ఎయ్యం అప్పా. మా నాయన పెద్దగా ఉన్నప్పటి నుంచి అంతే. ముందు దేవుణ్ణి పిల్చల్ల, తర్వాత కరెంటును."

"ఒక్క రౌటరుకేనన్నా, వేరే తీగ లాగుతాను."

"ఈపొద్దు దానికి ఇడిస్తే రేపు ఫ్యాన్లకు అడుగుతారు. ఎండాకాలం వస్తాంది."

ఇక కంప్యూటరునే మార్చాలి. ఎవరినీ అడిగే పని లేకుండా దానికొక స్థిరమైన చిరునామా, లేచేటప్పుడు చదువుకునే ఫైల్లోనే రాసిపెట్టాను. రౌటరు పలికేదాకా ఆగి, ఆ తర్వాతే అయ్యగారి గొంతు పంపమని ఇంకో వరుస చేర్చాను. మెయిన్ దించి లేపి చూశాను. ఆగింది, పలికింది. ఆ సంతోషంలో అక్కకు అంతా విప్పి చెప్పాను. నిన్ను ఆపింది దేవుడు కాదక్కా, రౌటరు అన్నాను. అక్క ఊఁ అంది.

బల్ల రోజు ఆరాధన కాగానే బావకు చేశాను.

"వినపడింది అప్పా. పక్కన కూర్చుని చెప్పినట్టే వినపడింది" అన్నాడు. "గానీ మీ అక్క రొట్టెకు నోరు తెర్సల్యా."

మధ్యాహ్నం బస్సుకే పులివెందుల పోయాను. మంచం పక్కన స్టూలు మీద గుడ్డ కప్పిన పళ్లెం, చిన్న గ్లాసులో ద్రాక్షరసం అట్లనే ఉన్నాయి.

"ఎందుకక్కా?"

"ఆయన మూడుసార్లు వద్దన్యాడు. ఈపొద్దు పిల్చింది ఆయన గాదు, నువ్వు. నా చేతులతో చేసినానని నువ్వే చెప్పినావు గదా, నాయనా."

"నా చేతులతో చేయించింది ఆయనేమో అక్కా."

"అయితే ముందు మూడుసార్లు ఎవరు?"

నాకు తెలిసిన వాక్యాలన్నీ చెప్పాను. అన్నీ ఆమెకు నాకంటే బాగా వచ్చు. చిన్నప్పుడు వాటిలో సగం నాకు కంఠతా పెట్టించింది ఆమెనే. అయ్యగారి చేత కూడా ఫోన్లో మాట్లాడించాను. మర్యాదగా విని, ఫోన్ బావకు ఇచ్చేసింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మెయిన్ లేపగానే కంప్యూటరు లేస్తుంది, ఆగుతుంది, పలుకుతుంది. ఒక్క వారం తప్పలేదు. అక్క పాటలు వింటుంది, ప్రసంగం వింటుంది. నెల మొదటి ఆదివారం రొట్టె వేళకు ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. బావ స్టూలు పక్కకు జరుపుతాడు. ఆమెకు నేరుగా ఒక్క మాట పంపమని రోజూ పొద్దున మోకాళ్ల మీద దేవుణ్ణి అడుగుతున్నాను. ఇంకా రాలేదు.