ఇరవై రోజుల నాటి గీత

కుంట ఊరికి వెళ్లే హైవే పక్కనున్న ఆరోగ్య కేంద్రంలో స్టెల్లా పదకొండేళ్లుగా రక్తపరీక్షలు చేస్తోంది. పెరిగింది బచేలి రైల్వే క్వార్టర్లలో. తండ్రి జయరావు విజయనగరం నుంచి వచ్చి కిరండూల్ లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆమె "ఏటి?" అంటే పేషెంట్లు నవ్వేవారు. "ఏంది అనాలె అక్కా" అని దిద్దేవారు. ఆమె మాట మారలేదు, వాళ్ల నవ్వూ ఆగలేదు.

ఒక్క విషయంలో మాత్రం స్టెల్లాకు నవ్వు రాదు. ఈ చుట్టుపక్కల మలేరియా పరీక్ష కార్డును ఎవరూ పారేయరు. మితానిన్, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్త, వేలి నుంచి చుక్క రక్తం తీసి కార్డు మీద వేస్తుంది. ఒక గీత వస్తే మలేరియా లేదు, రెండొస్తే ఉంది. ఆ రెండు గీతల కార్డును ఇంటివాళ్లు అడిగి తీసుకుని చూరులో దోపుకుంటారు. నెత్తురంటిన కార్డు చెత్తడబ్బాలో పడాలని ఆమె ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

జూలైలో ఒక ఉదయం బిజ్జా తన భార్య లక్మేను బైకు మీద తీసుకొచ్చాడు. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. కూర్చోలేక గోడకు ఒరిగిపోయింది. నర్సు కార్డు పరీక్ష చేస్తే రెండు గీతలు వచ్చాయి. బయట నలభై మంది వరుసలో ఉన్నారు. డాక్టర్ వినీత మలేరియా మాత్రలు రాసి, ఎందుకైనా మంచిదని స్లైడ్ కూడా చూడమని ల్యాబ్‌కు పంపింది.

పొలంలో నారు పీకి పెట్టి వచ్చిన బిజ్జాకు తొందరగా ఉంది. ప్లాస్టిక్ కవర్లోంచి పాత కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"గిదే జరం అక్కా. పోయినసారి గూడ రెండు గీతలే. గవే గోలీలు ఇస్తే పోతం."

తిట్టబోయి స్టెల్లా ఆగింది. కార్డు మీద మితానిన్ మంగ్లీ పెన్నుతో వేసిన తేదీ ఉంది. ఇరవై రోజుల కిందటిది. అప్పుడు మాత్రలన్నీ మింగిందా అని అడిగింది. మంగ్లీ మూడు రోజులూ ఎదురుగా కూర్చుని మింగించిందని, జ్వరం దిగి లక్మే పొలం పనికి కూడా వెళ్లిందని బిజ్జా చెప్పాడు.

కార్డు పట్టేది మలేరియా క్రిమిని కాదు, అది రక్తంలో వదిలిన పదార్థాన్ని. క్రిమి చచ్చాక కూడా ఆ పదార్థం కొన్ని వారాలు ఉంటుంది, పొయ్యి ఆరినా రాళ్లు వేడిగా ఉన్నట్టు. ఈ రెండో గీత పాత జ్వరానిదా, కొత్తదానిదా? తేల్చేది మైక్రోస్కోపే.

స్లైడ్‌కు రంగు వేసి వంద చోట్ల చూసింది. క్రిమి లేదు. ఒక్క స్లైడ్‌తో మాట చెప్పే మనిషి కాదు. ఇంకో చుక్క తీసి, ఇంకో స్లైడ్ చేసి, రెండొందల చోట్ల వెతికింది.

"ఏంది అక్కా, పేన్లు చూస్తున్నవా?" అన్నాడు బిజ్జా.

"పేలైతే ఈపాటికి దొరికీసేవి. కూర్చో."

రెండోదీ శుభ్రంగా ఉంది. స్టెల్లా వరుసను తప్పించుకుని లోపలికి వెళ్లి, గీత పాతది, ఈ జ్వరం వేరే అని డాక్టర్‌కు హిందీలో చెప్పింది. వినీత లేచి వచ్చి లక్మే వీపు మీద స్టెతస్కోప్ పెట్టింది. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో చిటపటలు. వేలికి క్లిప్ పెడితే ఆక్సిజన్ ఎనభై ఎనిమిది. న్యుమోనియా. మాత్రల చీటీ చించేసి, ఆక్సిజన్, ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఆ మాత్రలతోనే ఇంటికి పంపి ఉంటే మనిషి దక్కేది కాదేమోనని వినీత తర్వాత అంది.

ఆరో రోజున లక్మే అన్నం తిని, తనే నడిచి బైకు ఎక్కింది. అంతకు ముందే బిజ్జా వచ్చి ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. గీత పోయిందో లేదో ఒకసారి చూడమన్నాడు.

"ఇప్పుడు చేసినా రెండే వస్తాయి. మళ్లీ గోలీలడుగుతావు."

మాత్రలు మింగిన తేదీ, స్లైడ్ ఫలితం కాగితం మీద రాసిచ్చి, పాత కార్డును చెత్తడబ్బాలో వేసింది. బిజ్జా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"దీని మీద గీతల్లేవు గద అక్కా."

అయినా మడిచి అదే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.